అమావాస్య నాడు చకోరం ఏం తింటుంది?

మా అమ్మాయి ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం చదువుతోందని ఇక్కడ ఒకటి రెండుసార్లు రాశాను. అప్పటినుంచి ఇంటర్ పిల్లలున్న తల్లులు ఏవేవో అడుగుతూనే ఉన్నారు. ఐదేళ్ళటగా, బీటెక్ కంటే ఏడాది ఎక్కువేనా? నాటా పరీక్ష కష్టమా? ఆడపిల్ల సైట్లెమ్మట తిరగాలా? నాకు తెలిసినంతలో చెబుతున్నాను. ఈసారి రాసేది మాత్రం ఎవరూ అడగని సంగతి. ఆ పిల్ల రాత్రిళ్ళు కంప్యూటర్లో కట్టే ఇళ్ళ గురించి. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది చెప్పుకోకుండా మిగతాది చెబితే సగమే చెప్పినట్టవుతుంది.

మొదటి ఏడాది వేసవి సెలవుల్లో చార్మినార్ కట్టింది. కట్టింది అనే రాస్తున్నాను, గీసింది అంటే దానికి కోపం. నేను పక్కన కూర్చుని గోరుచిక్కుళ్ళు ఒలుస్తూ చూసేదాన్ని. తెర మీద ముందు ఒక చదరం వేసింది, భుజానికి 20 మీటర్లు. దాన్ని నాలుగు ముక్కలు చేసి మూడు ముక్కలు తీసి పారేసింది. "అదేమిటే, ఉన్నదాన్ని తీసేస్తున్నావు?" అన్నాను. పావు కట్టి, అద్దంలో బొమ్మలా తిప్పితే మిగతా ముప్పావూ వస్తుందట. మనం పెద్ద ముగ్గు ఒక మూల మొదలుపెట్టి నాలుగు పక్కలకీ తిప్పుకొస్తామే, అలాగన్నమాట. ఒక మినారు పూర్తిచేసి దాన్ని అచ్చుగా పెట్టుకుని, మిగతా మూడూ ఆ అచ్చుతోనే నిలబెట్టింది. తర్వాత ఒక మినారులో బాల్కనీ సవరిస్తే నాలుగింటిలోనూ అదే సవరింపు వచ్చేసింది. నేను గోరుచిక్కుళ్ళు వదిలేసి చూస్తూ ఉండిపోయాను.

అంతా అంత తేలిగ్గా సాగలేదులెండి. లోపల మెలికలు తిరిగే మెట్లు 149. మొదటిసారి పెడితే అవి మినారు గోడ చీల్చుకుని బయటికొచ్చాయి. రెండు రోజులు తిండి సరిగ్గా తినలేదు. పైఅంతస్తులో పడమర వైపు మసీదు ఉంటుంది కాబట్టి అద్దం లెక్క అక్కడ పనికిరాదు, విడిగా కట్టాల్సిందే. గడియారాల దగ్గర పెద్ద చర్చే జరిగింది. చార్మినార్ కట్టింది 1591లో, నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. "నేను కడుతున్నది ఎప్పటి చార్మినారమ్మా?" అని నన్నడిగింది. మూడేళ్ళు కూర్చుని తెలుగు బీఏ చదివినదాన్ని, ఒక కట్టడానికి ఎప్పటిది అనే ప్రశ్న వేయొచ్చని నాకెప్పుడూ తట్టలేదు. చివరికి గడియారాలు లేకుండా కట్టింది. మా ఆయన దాన్ని ఫోన్లో పెట్టుకుని ఆఫీసులో అందరికీ చూపించి, గడియారాలేవని ఎవరో అడిగితే ఇంటికొచ్చి కూతురి మీద విసుక్కున్నారు.

రెండో ఏడాది రామప్ప గుడి. వరంగల్ పెళ్ళికి వెళ్ళినప్పుడు పాలంపేట దాకా తీసుకెళ్ళమని పట్టుబట్టింది. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. నీళ్ళలో తేలే ఇటుకలతో శిఖరం కట్టారనీ, పునాది కింద ఇసుక పరిచారనీ మనందరం విన్నదే. మా పిల్లకి మాత్రం చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ బొమ్మల మీదే ధ్యాస. నల్లరాతి మదనికల దగ్గర నేను ఆగిపోయాను, అది వాటిని దాటి గజకేసరుల దగ్గర ఆగింది. సింహం ఒళ్ళు, ఏనుగు తల కలిసిన జంతువులు. అరగంట మెడ నొప్పెట్టేలా పైకి చూసి, "ఇవి ఎనిమిది వందల ఏళ్ళుగా ఇంకొకళ్ళ చూరు కింద నిలబడే ఉన్నాయి. వీటికి ఇల్లేదీ?" అంది.

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఆ మాటే ముదిరి ఇంతదాకా వస్తుందనుకోలేదు.

ఆ ఏడాదే హాస్టల్లో ఒక ఆట మొదలైందట. రాత్రి భోజనాలయ్యాక ఒకమ్మాయి చీటీ మీద లేని జంతువునొకదాన్ని రాస్తుంది. చీటీ తీసినమ్మాయి వారంలోగా దానికి ఇల్లు కట్టి చూపించాలి. రెక్కలు తడిస్తే ఎగరలేని ఒకటి. వెలుతురు చూస్తే భయపడే మెత్తటి పురుగులాంటి ఒకటి. తోక చుట్టుకుని పడుకునే ఇంకొకటి. దానికి గుండ్రటి గది కావాలి, మూల ఉంటే తోక మడత పడుతుంది. నత్తగుల్లలా తిరిగే గోడలూ, పుట్టల్లాంటి గదులూ, చెట్టు కొమ్మకి వేలాడే గూళ్ళూ ఆ తెర మీద పుట్టుకొచ్చాయి. రాత్రి రెండింటిదాకా అదే పని. సెలవులకి ఇంటికొచ్చినా అదే పని.

గుళ్ళూ గోపురాలూ కట్టినన్నాళ్ళూ ఇంటిల్లిపాదికీ గర్వమే. చూడ్డానికి వచ్చిన వాళ్ళకి కాఫీతో పాటు చార్మినార్ కూడా చూపించేవాళ్ళం. ఈ గూళ్ళని ఎవరికి చూపిస్తాం? నిరుడు దసరాకి మా ఆడపడుచు వచ్చి తెరలోకి తొంగిచూసి, "ఏంటొదినా, కార్టూన్లు చేస్తోందా? దీనికా లక్షలు పోస్తున్నారు?" అంది. మామూలుగా అన్న మాటే. నాకు మాత్రం చురుక్కుమంది. దాని పాత ల్యాప్‌టాప్ ఈ పనికి చాలక వేడెక్కి ఆగిపోతోందని, నా చిట్టీ పాడుకుని 90 వేలు పెట్టి కొత్తది కొనిచ్చాను మరి. అందరి ముందే అనేశాను: "చిట్టీ డబ్బులు పోసి కొన్నది ఈ దయ్యాల కొంపలు కట్టడానికా?"

అది మాట్లాడలేదు. ల్యాప్‌టాప్ మూసి, పళ్ళెం తీసుకుని పులిహోర పెట్టుకుంది.

ఆ తర్వాత ఎప్పుడు ఇంటికొచ్చినా నేను గదిలోకి అడుగుపెట్టగానే తెర మీద బొమ్మ మారిపోయేది. రామప్ప గుడి వచ్చేది. పాలగ్లాసు అక్కడ పెట్టి, "గుడి ఇంకా అవలేదా?" అనేదాన్ని. "కొంచెం ఉందమ్మా" అనేది. ఆ ఎత్తు నాకు తెలియనిదా? ఇంటర్లో ఉండగా ఎకనామిక్స్ పుస్తకంలో వారపత్రిక పెట్టుకుని సీరియళ్ళు చదివినదాన్ని. మా అమ్మ వస్తే పేజీ తిప్పేదాన్ని. తెలిసి కూడా నాలుగు నెలలు ఊరుకున్నాను. తప్పు చేశానని కూతురితో ఎలా అనాలో తెలియక ఊరుకున్నాను. మనలో చాలామందికి ఆ మాట నోరు తిరగదు.

ఒక రాత్రి కరెంటు పోయింది. మేడ మీద చాపేసుకుని ముగ్గురం, నేనూ అత్తగారూ అదీ, కూర్చున్నాం. పున్నమి దాటి ఒకటో రెండో రోజులు. వీధి దీపాలు కూడా లేకపోవడంతో వెన్నెల పిండారబోసినట్టుంది. ఊరికే నోటికొచ్చి, "ఈ పూట చకోరాలకి పండగే" అన్నాను.

"అవేంటి?"

చెప్పాను. కావ్యాల్లో చకోరమనే పక్షి వెన్నెల తాగి బతుకుతుందనీ, చాతకం నేల మీద నీళ్ళు ముట్టదు, పడుతున్న వాన చినుకునే నోటితో పట్టుకుంటుందనీ, జక్కవల జంట పగలంతా కలిసి ఉండి రాత్రి కాగానే విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకుంటుందనీ. కవిసమయాలు అంటారు వీటిని. నిజమా కాదా అని ఎవరూ అడగరు, కవులందరూ ఒప్పుకుని వాడుకుంటారు. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరికైనా చెప్పడం అదే మొదలు.

అది కాసేపు ఆకాశం కేసి చూసి, "మరి అమావాస్యకి ఏం తింటుందమ్మా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఏ మాస్టారూ చెప్పలేదు, ఏ విద్యార్థీ అడగలేదు. "దాచుకుంటుందేమో. అంటే ఇంట్లో గాదె ఉండాలి. వెన్నెల దేంట్లో దాస్తారు?" అని దానంతట అదే గొణుక్కుంటోంది. మా అత్తగారు పడుకున్నారనుకున్నాం. చాప మీంచే అన్నారు, "అమావాస్య నాడు మాకు ఒంటిపూటే కదే. పక్షి ఉపవాసం ఉండకూడదా?"

కరెంటు వచ్చాక కిందికి పరిగెత్తింది. ఈసారి నేను వెనకాలే వెళ్ళి కూర్చున్నాను. బొమ్మ మారలేదు. క్షమించమని నేను అడగలేదు, అదీ ఎదురుచూసినట్టు లేదు. "చకోరం ఎంత పెద్దదుంటుంది? కోడంతా, పావురమంతా?" అని అడిగింది. కౌజు జాతి పక్షినే చకోరం అంటారని ఎక్కడో చదివిన గుర్తు. చెప్పాను. అంతే రాజీ.

ఆ వారంలో నేను నేర్చుకున్నది వింటే మీకూ సరదాగా ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఊరూ తేదీ గంటా ఇస్తే ఎండ ఎటునుంచి పడుతుందో, నీడ ఎంత పొడవుంటుందో చూపిస్తుంది. చంద్రుడికి అలాంటి ఏర్పాటు లేదు. అందుకని అది లెక్కలు తీసింది. చంద్రుడు రోజురోజుకీ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. పున్నమి నాడు పొద్దుగూకే వేళకి తూర్పున ఉంటాడు, బహుళ అష్టమికి అర్ధరాత్రి దాకా రాడు. చలికాలపు పున్నమి చంద్రుడు ఆకాశంలో బాగా ఎత్తుగా నడుస్తాడు, ఇంచుమించు వేసవి సూర్యుడి దారిలో. వేసవి పున్నమి చంద్రుడు కిందుగా పోతాడు. కాబట్టి మార్గశిర పున్నమి వెన్నెల కావాలంటే జూన్ నెల ఎండ పెట్టి, రంగు చల్లబరిచి చూడాలి. నలభై ఏళ్ళు దాటాయి, ఏటా ఇన్ని పున్నములు చూశాను, చలికాలంలో చంద్రుడు నెత్తి మీదికొస్తాడని ఎప్పుడూ గమనించలేదు. ఒక పక్షికి అన్నం పెట్టాల్సి వచ్చేసరికి తెలిసింది.

చకోరం ఇంటికి తూర్పు గోడే లేదు. పైకప్పు తామర రేకుల్లా విడివిడి రెక్కలు, వాటి మధ్య సందుల్లోంచి వెన్నెల దిగుతుంది. ఢిల్లీ లోటస్ టెంపుల్‌కి 27 రేకులు. ఆ మందిరాన్ని మూడో ఏడాదిలో కంప్యూటర్లో కట్టి ఉంది కాబట్టి రేకు వంపు ఎలా తీయాలో దానికి ముందే తెలుసు. లోపల ఒక్క గదికి మాత్రం సందు లేదు. అది అమావాస్య గది, నానమ్మ మాట మీద పెట్టింది.

చాతకానికి మండువా లోగిలి తీసుకుంది. నాలుగు పక్కలా పెంకుల వాలు, మధ్యలో ఆకాశం. కానీ పెంకు మీద పడి జారిన నీళ్ళు చాతకానికి పనికిరావు, ఎంగిలి కింద లెక్క. నేనే పట్టుబట్టి చెప్పాను ఆ సంగతి. కాబట్టి కూర్చునే కొమ్మ సరిగ్గా నడిమధ్యన, చూరు నీళ్ళు చిందని చోట ఉండాలి. గూడు తడవకూడదు, నోరు తడవాలి. మూడు రోజులు పట్టింది ఆ కొలత తేలడానికి.

జక్కవల ఇల్లు నాకు అన్నిటికంటే నచ్చింది. రాత్రి కాగానే అవి ఒకదానికొకటి కనబడకూడదు, పిలుపు మాత్రం వినబడాలి. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే ఎక్కడో పైన బాలాహిసారులో వినబడుతుంది కదా. ఆ కమాను ఎలా ఉందో, ఆ గోపురం కింద చప్పుడు ఎటు పోతుందో పుస్తకాలు తిరగేసి, రెండు గూళ్ళ మధ్య అలాంటి కమానులు కట్టింది. నిజంగా వినబడుతుందో లేదో కంప్యూటర్లో తేలదులెండి. ఆ మాట అదే ఒప్పుకుంది.

పేరున్న కట్టడాలు కట్టడం చదువు, లేని జంతువులకి గూళ్ళు కట్టడం ఆట అని మేమంతా రెండు అరలుగా సర్దిపెట్టుకున్నాం. ఒకటి చూపించుకునేది, ఇంకొకటి దాచుకునేది. చార్మినార్ కట్టేటప్పుడు దానికి ఎవరో ముందే ఆలోచించిపెట్టారు, మా పిల్ల వాళ్ళ అడుగులో అడుగు వేసింది. గొప్ప చదువే. మినారెందుకు అంత సన్నం, కమాను అంత బరువు ఎలా మోస్తోంది అనేవి అలాగే తెలుస్తాయి. అంతకంటే పెద్ద ఉపయోగాలూ ఉన్నాయి. పారిస్‌లోని నోత్రదామ్ చర్చిని ఆండ్రూ టాలన్ అనే చరిత్రకారుడు లేజరు కిరణాలతో అంగుళం అంగుళం కొలిచి, వంద కోట్లకి పైగా చుక్కలతో కంప్యూటర్లో దించి పెట్టాడు. ఆయన 2018లో పోయాడు. 2019 ఏప్రిల్‌లో ఆ చర్చి పైకప్పు కాలిపోయింది. తిరిగి కట్టి 2024 డిసెంబరులో తలుపులు తెరిచారు, ఆ పనికి ఆయన తీసిన కొలతలు కూడా అక్కరకొచ్చాయి. ఈ కథ చెప్పాకే మా ఆయన ల్యాప్‌టాప్ ఖర్చు గురించి మాట్లాడడం మానేశారు. అదే చర్చి మీద రెక్కలూ కొమ్ములూ ఉన్న వింత జంతువుల బొమ్మలు వరసగా ఉంటాయి, ఫోటోల్లో చూసే ఉంటారు. అవి పందొమ్మిదో శతాబ్దపు మరమ్మత్తుల్లో పెట్టినవట. అంత పెద్ద చర్చిని బాగుచేసిన వాళ్ళకి కూడా దయ్యాల బొమ్మలు అడ్డం రాలేదు. మా ఇంట్లోనే వచ్చాయి.

కానీ ఎవరూ కట్టని గూడు కట్టాలంటే నకలుకి ఏమీ ఉండదు. ముందు ఆ ప్రాణిని అడగాలి. ఎలా పడుకుంటావు, ఏం తింటావు, దేనికి భయపడతావు, ఎటు తిరిగి కూర్చుంటావు? అది చెప్పదు కాబట్టి మన ఒంట్లోకి దాన్ని తెచ్చుకుని ఆలోచించాలి. చదువులో ఇది తక్కువగా దొరుకుతుందని నా అనుమానం. చూడండి, అపార్టుమెంట్ల బ్రోషర్లు వస్తాయి కదా, నిగనిగలాడే బొమ్మలతో. అవీ ఇలాంటి పిల్లలు ఇలాంటి కంప్యూటర్లలో చేసినవే. ఆ వంటింటి బొమ్మల్లో ఏముంటుంది? తెల్లటి గట్టు, గాజు గిన్నెలో మూడు ఆకుపచ్చ యాపిల్ పళ్ళు. కుక్కర్ ఉండదు. గ్రైండరుకి చోటుండదు. చీపురు ఎక్కడ పెడతారో, మసిగుడ్డ ఎక్కడ ఆరేస్తారో కనబడదు. అందులో ఎవరూ వండరు. మా పిల్లే మొదటి ఏడాది వేసిన ఇంటి ప్లాన్లో బట్టలారేసుకునే చోటు లేదు. అడిగితే, "రెండర్‌లో బాగోదమ్మా" అంది. అప్పటికింకా దానికి ఏ పురుగూ, ఏ పక్షీ పరిచయం కాలేదు.

ఇప్పుడు పీట సంగతి చెప్పాలి.

మేము ఈ ఇల్లు కట్టుకుని పద్నాలుగేళ్ళయింది. ప్లాను ఒక ఇంజనీరు వేశాడు, వాస్తు ఒక సిద్ధాంతి చూశారు, ఆగ్నేయంలో వంటిల్లు, తూర్పు ముఖంగా పొయ్యి. నన్ను రెండు విషయాలు అడిగారు: బాత్రూం టైల్స్ రంగు, కిటికీ గ్రిల్ డిజైను. వంటగట్టు 36 అంగుళాలు పెట్టించారు. మా ఆయన ఎవరి ఇంట్లోనో చూసి ముచ్చటపడి, కొత్త పద్ధతి అని పెట్టించారు. నా సుఖం కోరే చేయించారు, ఆయన్ని అనడానికి లేదు. నా ఎత్తు ఐదడుగులు. గృహప్రవేశం నాడు పాలు పొంగించేటప్పుడే గిన్నెలోకి చూడ్డానికి మునివేళ్ళ మీద లేచాను. మర్నాడు అన్నం తినే పీట ఒకటి పొయ్యి ముందు వేసుకున్నాను. అంతే. పద్నాలుగేళ్ళుగా పీటెక్కి వండుతున్నాను, దిగి కూరలు తరుగుతున్నాను, ఎక్కి పోపు వేస్తున్నాను. ఈ పేరా రాసేదాకా అందులో చెప్పుకోవాల్సింది ఏదో ఉందని నాకే తోచలేదు.

ఈ వేసవికి పైన రెండు గదులూ వంటిల్లూ వేద్దామనుకుంటున్నాం. కింద కట్టింది తెలిస్తే గానీ పైన కట్టడం కుదరదని మా పిల్ల టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచింది. కొలిచి, గుళ్ళూ గోపురాలూ కట్టినట్టే మా ఇంటిని కూడా కంప్యూటర్లో కట్టింది. ఉగాది రోజున పిలిచి చూపించింది. గోడలు, మెట్లు, పూజ అలమర, మా అత్తగారి మంచం. వంటింట్లోకి తీసుకెళ్ళింది. పొయ్యి ముందు నేల మీద గోధుమరంగు ముక్క ఒకటి.

"అదేంటే, గడపా?"

"నీ పీట."

నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఇంట్లో అందరూ రోజుకి పదిసార్లు దాటుకుని వెళ్ళే పీట. ఏ ప్లానులోనూ లేనిది. ఆ కంప్యూటర్లో కొత్త ఫైలు తెరవగానే ఒక మనిషి బొమ్మ నిలబడి ఉంటుంది, కట్టేదాని ఎత్తు అంచనా తెలియడానికి. చాలామంది పిల్లలు అడ్డమని మొదట దాన్నే తీసేస్తారట. మా పిల్ల తీసేయకుండా, దాన్ని ఐదడుగులకి కుదించి, పీట మీద ఎక్కించి పెట్టింది. చండీగఢ్ ఊరిని రూపొందించిన లె కార్బూజియే అనే పెద్దాయన ఇళ్ళకీ ఫర్నిచరుకీ కొలతలన్నీ ఒక మనిషి ఒంటినిబట్టి తయారుచేశాడని అప్పుడు చెప్పింది. ఆ మనిషి మగవాడు, ఎత్తు 183 సెంటీమీటర్లు, అంటే ఆరడుగులు. ఎందుకు ఆరడుగులంటే, ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో అందమైన మగవాళ్ళు, పోలీసుల్లాంటి వాళ్ళు, ఆరడుగులుంటారు కాబట్టట! "నువ్వు ఇంగ్లీషు పోలీసోడి గట్టు మీద వండుతున్నావమ్మా" అంది. నవ్వలేక చచ్చాం. మా అత్తగారికి అర్థం కాకపోయినా మాతోపాటు నవ్వారు.

తర్వాత నోటుబుక్కు తీసి కూర్చుంది. చకోరాన్నీ చాతకాన్నీ అడిగినట్టే నన్నూ అడగడం మొదలుపెట్టింది. మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంది? కొలిచింది, 38 అంగుళాలు. నిలబడి చేసే పనికి గట్టు దానికి నాలుగంగుళాలు తక్కువుంటే మంచిదట, చపాతీలు ఒత్తే చోట ఇంకొంచెం కిందికి. పొద్దున్న ఎండ ఏ వేళకి కళ్ళలో పడుతుంది? వండుతూ ఎవరితో మాట్లాడతావు? సిలిండరు ఎవరు మారుస్తారు? రుబ్బేటప్పుడు ఎటు తిరిగి ఉంటావు? అన్నీ చెప్పాను. ఆఖరున, "వంటింట్లో ఎక్కడ కూర్చోవాలనిపిస్తుంది?" అంది.

చెప్పలేకపోయాను. వంటింట్లో కూర్చునే చోటు లేదు. ఉండొచ్చని అనుకోలేదు.

హాల్లోంచి మా ఆయన అన్నారు, "అప్పుడే చెప్పొచ్చుగా, గట్టు తగ్గించేవాళ్ళం." కోపం వచ్చింది, కానీ ఆయన మాటలోనూ నిజం ఉంది. అప్పుడు ఆయన అడిగినా నేను "మీ ఇష్టం" అనేదాన్ని. నా మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో నాకే తెలియదు, ఏం చెబుతాను? అడిగినంత మాత్రాన జవాబు వచ్చేయదు. దగ్గర కూర్చుని, టేపు పట్టుకుని, ఆ ప్రాణి ఏం తింటుంది, అమావాస్యకి ఏం చేస్తుంది అని అడిగే అలవాటున్న వాళ్ళు అడగాలి. మా పిల్లకి ఆ అలవాటు చార్మినార్ దగ్గర రాలేదు. నేను దయ్యాల కొంపలన్న వాటి దగ్గర వచ్చింది. అందుకే రాస్తున్నాను ఇదంతా. మీ ఇంట్లో ఏ పిల్లో పిల్లాడో రాత్రిళ్ళు కూర్చుని తెర మీద వింత వింత గూళ్ళు కడుతుంటే కళ్ళు పాడవుతాయని తిట్టండి, పడుకోమని తిట్టండి. నాలాగా ఆ మాట మాత్రం అనకండి. వీలైతే పక్కన కూర్చుని, ఇందులో ఎవరుంటారని అడగండి. కవిసమయాలు గుర్తుంటే నాలుగు అందించండి. గండభేరుండం మా ఇంట్లో ఇంకా బాకీ ఉంది. ఒకే ఒంటికి రెండు తలలు, ఒక కిటికీ చాలుతుందా, రెండు కావాలా అన్న దగ్గర ఆగింది. పంచతంత్రంలో అలాంటి పక్షి తలలు రెండూ తిండి దగ్గర పోట్లాడుకుని చచ్చిపోతుంది కాబట్టి వంటిల్లు ఒకటే ఉండాలని నేను, రెండుండాలని మా అత్తగారు. ఆవిడ ఎందుకలా అన్నారో నేను అడగలేదు.

మొన్న మేస్త్రీ వచ్చాడు. ప్లాను చూసి, "34 ఏంటమ్మా, అందరూ 36 పెట్టించుకుంటున్నారు. రేపు అద్దెకిచ్చినా బాగోదు" అన్నాడు. నేను మాట్లాడబోయేలోపే మా ఆయన, "మా ఇంటావిడ ఎత్తుకి అదేనయ్యా" అన్నారు. పీట తెచ్చి చూపించారు కూడా.

కూర్చునే చోటే ఇంకా తేలలేదు. తూర్పు కిటికీ కిందైతే వీధి కనబడుతుంది, ఎండ మొహాన పడుతుంది. తలుపు పక్కనైతే అత్తగారితో మాటాడుకోవచ్చు, గాలి రాదు. రెండు చోట్లా ఆ ఐదడుగుల బొమ్మని కూర్చోబెట్టి పంపింది, చూసి చెప్పమంది. గోడలు లేపకముందే చెప్పాలట.